సూరన్న సున్నా

మా బామ్మర్ది కూతురి పెళ్లి కార్డుకు అక్షరాలు ఎంచిపెట్టే పని నామీద పడింది. ప్యాపిలిలో ఇలాంటివాటికి నన్నే పిలుస్తారు. అక్షరాల పిచ్చోడని నాకు పేరు. డీటీపీ కుర్రాడు ఎప్పుడూ వాడే అను ఫాంట్లు వరసగా చూపించాడు. అవన్నీ వద్దని సూరన్న పెట్టమన్నాను.

సూరన్న సిలికానాంధ్ర వాళ్లు ఉచితంగా అందించిన ఫాంట్లలో ఒకటి. అందులోని తెలుగు పురుషోత్ కుమార్ గుత్తుల గీసింది. పేరేమో కవి పింగళి సూరనది. ఆయన కళాపూర్ణోదయాన్ని అంకితం తీసుకున్నది నంద్యాల కృష్ణమరాజు. 2022లో మా ప్యాపిలి కర్నూలు జిల్లా నుంచి నంద్యాల జిల్లాలోకి వచ్చింది కాబట్టి, ఈ లెక్కన ఫాంటు మాకు చుట్టమే! ఒకే పద్యంలో రామాయణ భారతాలు రెండూ నడిపిన రాఘవపాండవీయ కవి పేరు, రెండు లిపులు మోసే ఫాంటుకు భలే కుదిరింది.

ఆ రెండో లిపి, ఇంగ్లీషు, ప్రాటా అనే ఫాంటుది. దాని వంశం పాతది. 18వ శతాబ్దం చివర పారిస్‌లో డిడో కుటుంబం, పార్మాలో బొడోని ఇలాంటి అక్షరాలు పోతపోశారు. నిలువు గీత లావు, అడ్డగీత వెంట్రుకంత. మనకు తలకట్టు నెత్తిన ఉంటే, వాళ్ల సెరిఫ్ గీతల కొసల్లో ఉంటుంది. ప్రాటాలో అది ముక్కోణంలా తేలుతుంది. కొన్ని అక్షరాల కొస నీటిబొట్టులా ఉబ్బుతుంది. కార్డు నడుమ వధూవరుల పొడి అక్షరాలు పెద్దగా పెట్టి చూస్తే, పట్టుచీర అంచు చూసినట్టే ఉంది.

"అంతా ఇదే పెట్టేద్దామా అన్నా?" అన్నాడు కుర్రాడు. ముచ్చటపడి ఊఁ అన్నాను. తప్పు నాదే.

బంగారు రంగులో స్క్రీన్ ప్రింటింగ్ చేయించిన కార్డులు వచ్చాయి. పేర్లు కళకళలాడుతున్నాయి. ముహూర్తం 10.20 దగ్గర చూపు ఆగింది. సున్నాకు పైనా కిందా ఉండే సన్న గీత సిరా అందక తెగిపోయి, పక్కల రెండు లావు గీతలే మిగిలాయి. సున్నా కాస్తా పదకొండైంది. ఫోన్ నంబర్ల సంగతి చెప్పనక్కర్లేదు. "మామా, ఏ ముహూర్తానికి రమ్మంటావు?" అని చుట్టాలు ఒకటే నవ్వు.

తెగిన ఆ గీతలు చూస్తే నాకు ఎర్రగుడి గుర్తొచ్చింది. గుత్తి దగ్గరున్న ఆ ఊళ్లో అశోకుడి శాసనాలున్నాయి. ఆ బ్రాహ్మీ అక్షరాలకు లావూ సన్నం లేదు, తలకట్టూ లేదు. బండ మీద చెక్కేవాడికి గీత నిలవడం ముఖ్యం. అందం కోసం వెంట్రుకంత గీత గీస్తే దానికి పెద్ద సైజు, మంచి కాగితం ఇవ్వాలి. పుస్తకం అట్ట, పత్రిక శీర్షిక, నగల దుకాణం బోర్డు, అంతవరకే. డోన్ రోడ్డులో బస్సు కిటికీ నుంచి చదవాల్సిన ఫ్లెక్సీకి పనికిరాదు.

పేర్లు సూరన్నలోనే ఉంచి, ముహూర్తం, నంబర్లు మామూలు అంకెల్లో మళ్లీ వేయించాం. మీరు కార్డు వేయిస్తుంటే ప్రూఫును కంప్యూటర్‌లో పెద్దది చేసి చూసి మురిసిపోకండి. అచ్చయ్యే సైజులోనే కాగితం మీద తీయించి, ముందు సున్నాలు చూడండి.