గాలి తగిలే పక్క

అన్నవరం కొండ మెట్ల మీద ఆయాసంతో ఆగిపోయేవాళ్లు ఎప్పుడూ కనిపిస్తారు. కొందరిది వయసు, కొందరిది ఉబ్బసం, కొందరిది ఏళ్ల తరబడి కట్టెల పొయ్యి ముందు పీల్చిన పొగ. వీళ్లకు పనికొచ్చే మందును ఎలుక మీద పరీక్షిస్తే తెలిసేది కొంతే. కళ్ళె ఊరించే గ్రంథులు మనకు ఊపిరితిత్తి లోపలి గొట్టాల్లోనూ ఉంటాయి, ఎలుకకు గొంతు దగ్గరే.

అందుకే మనిషి కణాలతోనే ఊపిరితిత్తి పొరను ముద్రిస్తున్నారు. కణాలు కలిపిన జెల్‌ను, అంటే బయోఇంక్‌ను, సన్నని సూదిలోంచి వరసలుగా పిండుతారు. జంతికల పిండితో వచ్చే పేచీయే ఇక్కడా: పలచనైతే పరుచుకుపోతుంది, గట్టిదైతే దిగదు. దిగాలని గట్టిగా నొక్కితే కణాలు చచ్చిపోతాయి. 2021లో దక్షిణ కొరియాలోని పోహాంగ్ యూనివర్సిటీ వాళ్లు చుక్కలుగా చిమ్మే ఇంక్‌జెట్ పద్ధతిలో, సుమారు 10 మైక్రాన్ల మందాన ఊపిరితిత్తి గాలిగది గోడను పొరలుగా వేశారు. మన ఒంట్లో ఆ గోడ చాలాచోట్ల ఒక మైక్రాన్ కన్నా పలచన!

ముద్రణ కొద్దిసేపట్లో అయిపోతుంది. అసలు విద్య ఆ తరవాతి వారాల్లో ఉంది. శ్వాసనాళపు పొరకు కింద పోషక ద్రవం అందాలి, పైన గాలి తగలాలి. ద్రవంలో పూర్తిగా ముంచేస్తే కణాలు సరిగా ఎదగవు. పై పక్క గాలికి వదిలి, కింది ద్రవం మారుస్తూ, మూడు నాలుగు వారాలు కాపాడితే పైన నూగు మొలిచి కదలడం మొదలవుతుంది. కళ్ళెను పైకి నెట్టే నూగు అది. పొగ పెట్టి చూసినా, మందు వేసి చూసినా అప్పుడే అర్థముంటుంది. ఇంత ఓపికైన చేతిపనిని వదిలి అందరూ ముద్రించే యంత్రాన్నే మెచ్చుకోవడం నాకు బాధగా ఉంటుంది.

ఈ విద్యలు హైదరాబాద్‌లో ఉన్నాయి. 2020లో కరోనా మందుల పరీక్షల కోసం ఇక్కడి పరిశోధన సంస్థ సీసీఎంబీ, బెంగళూరు ఐస్టెమ్ సంస్థతో కలిసి మనిషి ఊపిరితిత్తుల కణాలను పెంచే పని చేపట్టింది. 2022లో ఎల్వీ ప్రసాద్ నేత్ర వైద్య సంస్థ, ఐఐటీ హైదరాబాద్, సీసీఎంబీ కలిసి కంటి పైపొర అయిన కార్నియాను ముద్రించి కుందేలు కంట్లో అమర్చాయి. 2023లో కేంద్రం కొత్త మందుల నిబంధనలు సవరించి, జంతువులకు బదులు ఇలాంటి నమూనాలపై పరీక్షలకు దారి తెరిచింది. కణాలు పెంచిన చెయ్యి, ముద్రించిన చెయ్యి ఇక ఊపిరితిత్తి దగ్గర కలవాలని నా కోరిక.

ఆ కార్నియాకు ముడిసరుకు మనుషుల కళ్లలోంచే వచ్చింది. ఊపిరితిత్తికైతే, ఆపరేషన్‌లో తీసేసిన ముక్క కూడా ఉపయోగపడుతుంది. మన పొగ, మన దుమ్ము పీల్చినవాళ్ల కణాలు ఆ పరీక్షల్లో ఉంటే మన జబ్బు సంగతి ఇంకా బాగా తెలుస్తుంది. మీ ఇంట్లో ఎవరికైనా అలాంటి ఆపరేషన్ జరిగి, ఆ ముక్కను పరిశోధనకు ఇస్తారా అని డాక్టరు అడిగితే, దాన్ని ఏం చేస్తారో విడమరిచి చెప్పించుకోండి. నచ్చితే సంతకం పెట్టండి.