చవుడు మిద్దె, ఏసీ కాంట్రాక్టు

ఏసీ బిగించిన ఏడాదికి, కంపెనీ ఇచ్చిన పూర్తి వారంటీ ముగిసే వేళకు, జమ్మలమడుగు, ప్రొద్దుటూరు ప్రాంతాల గృహస్థుల ముందుకు వచ్చే ప్రశ్న ఏఎంసీ కట్టాలా, వద్దా అన్నది. వార్షిక నిర్వహణ ఒప్పందానికి వాడుకలో ఉన్న పేరు ఏఎంసీ. ముందుగా కొంత సొమ్ము చెల్లిస్తే ఏడాదిలో రెండు మూడు సార్లు మెకానిక్ వచ్చి యంత్రాన్ని కడిగి, పరీక్షించి వెళ్తాడు. విడిభాగాల ఖరీదు కూడా కలిసి ఉంటే అది కాంప్రహెన్సివ్, కూలి మాత్రమే ఉంటే నాన్ కాంప్రహెన్సివ్. అమెరికాలోని చలి రాష్ట్రాల్లో స్థిరపడిన తెలుగు కుటుంబాలకు ఇలాంటి ప్లానులోనే ఎండాకాలానికి ముందు ఏసీ, చలికాలానికి ముందు ఇల్లు వెచ్చబరిచే ఫర్నేసు తనిఖీకి వస్తాయి. గండికోట చుట్టుపక్కల ఆ రెండో అవసరం లేదు.

ఈ శీర్షికకు ఈ వారం చిరాకు తెచ్చినది అటువంటి ఒక ఒప్పంద పత్రంలోని ఒక్క వాక్యం. ఏటా తగ్గే గ్యాస్‌ను అదనపు రుసుముపై నింపుతామని అందులో ఉంది. ఏసీలో గ్యాస్ అంటే శీతలకం, అంటే మూసి ఉన్న రాగి గొట్టాల్లో తిరుగుతూ గదిలోని వేడిని తీసుకుని ఇంటి బయట వదిలిపెట్టే పదార్థం. అది వంటగ్యాస్ వలె మండి ఖర్చయ్యేది కాదు కనుక, తగ్గిందంటే ఎక్కడో అతుకు దగ్గర కారుతున్నట్టే లెక్క. కారే చోటును పట్టకుండా గ్యాస్ నింపడం చిల్లుకుండలో నీళ్ళు పోయడమే. ఈ మాట ఇక్కడ ఎన్నిసార్లు రాసినా, అటువంటి హామీలు అచ్చవుతున్నంత కాలం మళ్ళీ రాయవలసిందే.

ఒప్పందంలో చేసే పనుల్లో ముఖ్యమైనది ఇంటివారికే చేతనవుతుంది. మురికి పట్టిన ఫిల్టరును మార్చినందువల్లనే ఏసీ వాడే కరెంటు 5 నుంచి 15 శాతం దాకా తగ్గవచ్చని అమెరికా ఇంధన శాఖ చెబుతుంది. ఎర్రగుంట్ల, జమ్మలమడుగు దారుల్లో నాపరాళ్ళ పాలిషింగ్ యూనిట్ల పొడి లేచే చోట ఫిల్టరు పదిహేను రోజులకే బూడిదరంగు దుప్పటిలా మారుతుంది. దాన్ని బయటికి లాగి కుళాయి కింద కడిగి, నీడన ఆరబెట్టి పెట్టడానికి పావుగంట చాలు, దానికి కాంట్రాక్టు ఎందుకన్న వాదన సహజంగానే పుడుతుంది.

ఆ వాదనకు బలమిచ్చేది, ఇంటివారే బాగుచేసుకుంటూ వచ్చిన రాయలసీమ మట్టి మిద్దె. రాతిగోడల మీద దూలాలు, వాటి మీద దంతెలనే అడ్డకర్రలు, ఆపైన బండలో కట్టెలో పరిచి, మందంగా మట్టి వేసి, అన్నిటికీ పైన చవుడు పోసేవారు. చవుడు అంటే ఉప్పుబారిన నేల మీది మట్టి. అందులోని సోడియం వల్ల తడి తగలగానే సన్నని రేణువులు విడివడి రంధ్రాలను పూడుస్తాయి కాబట్టి, పంటకు పనికిరాని ఆ మన్నే వాననీటిని కిందికి దిగనివ్వకుండా ఆపేది. అంత మందం కప్పు మధ్యాహ్నపు ఎండను వెంటనే లోపలికి రానివ్వక ఆలస్యంగా, రాత్రి వేళకు మాత్రమే విడుస్తుంది. అందుకే పగలు ఇంట్లో, రాత్రి మిద్దె మీద అన్న కాపురం వచ్చింది. అయితే ఈ చల్లదనం ఊరికే దక్కలేదు. మృగశిర కార్తెకు ముందే చవుడు తోలుకొచ్చి, గంపలతో పైకి మోసి, పగుళ్ళు పూడ్చి, వాటం దోనె వైపు ఉండేలా సర్దేవారు. దోనె అంటే మిద్దె నీళ్ళు వీధిలోకి పడేసే తొట్టి. అందులో ఎండుటాకులు అడ్డుపడితే నీరు వెనక్కి తన్ని గోడలోకి దిగుతుంది. ఇవాళ ఏసీ డ్రెయిన్ పైపులో జిగట పేరుకుంటే చుక్కలు సున్నం గోడ మీదుగా జారడం అచ్చంగా ఆ కథే.

ఇంతవరకు చూస్తే, ఇంటి పని ఇంటివారే చేసుకోవాలనీ, ఒప్పందం దండగనీ తేలవలసి ఉంది. కానీ ఆ మిద్దెలు ఎందుకు కూలాయో చూస్తే ఆ తీర్పు నిలవదు. చవుడు కరువై కాదు, పైకెక్కి పోసే మనుషులు బెంగళూరుకో కువైట్‌కో వెళ్ళిపోయినందువల్ల చాలా మిద్దెలు రెండు మూడు వానాకాలాలకే దంతెలు పుచ్చి కుంగాయి. 1652లో ఫ్రెంచి వర్తకుడు తావెర్నియే వచ్చినప్పుడు సైన్యంతో నిండి ఉన్న గండికోటలో కూడా, ఎర్రరాతి కట్టడాలను కనిపెట్టి ఉండే చేతులు పలచబడ్డాక, రాళ్ళ సందున మొలిచిన రావి మొక్క చేసే పని ఫిరంగి చేసే పనికి తీసిపోదు. పిల్లలు దూరాన ఉండగా డెబ్బై ఏళ్ళ దంపతులు స్టూలెక్కి ఫిల్టరు లాగవలసిన ఇంట్లో, అడగకుండానే తారీఖుకు వచ్చే మనిషి కోసం కట్టే సొమ్ము దండగ కాదు, అవసరం.

అయితే ఎటువంటి ఒప్పందం అన్నది యంత్రం వయసును బట్టి ఉంటుంది. చాలా కంపెనీలు కంప్రెసరుకు విడిగా అయిదేళ్ళో పదేళ్ళో వారంటీ ఇస్తాయి గనుక ఆ గడువులో కూలి ఒప్పందమే సరిపోతుంది. కంప్రెసరు వారంటీ దాటిన యంత్రానికి, వోల్టేజీ ఎక్కువతక్కువలతో సర్క్యూట్ బోర్డు పోయే ఊళ్ళలో, బోర్డు, కాయిల్, గ్యాస్ లీకు మరమ్మతు మూడింటినీ పేరుపేరునా రాసి ఉంటేనే కాంప్రహెన్సివ్ కట్టాలి. మొదటి సర్వీసు శివరాత్రి లోపల పడాలని కాగితం మీద రాయించుకోవడం మరవరాదు; ఏప్రిల్ దాటాక ఏ ఊళ్ళోనూ మెకానిక్ చేతికి చిక్కడు, కడపలో ఎండ అప్పటికే నలభై డిగ్రీలు దాటి ఉంటుంది.