గులాబీ రంగు అంటని చేతులు

లంచం మీద తెలుగులో కథలకు కొదవలేదు. గుమాస్తా చేయి చాపుతాడు. రైతు భార్య పుస్తెలు తాకట్టుపెట్టి తెచ్చిన డబ్బు ఆ చేతిలో పెడతాడు. చివర ఏసీబీ వాళ్ళయినా వస్తారు, లేదా గుమాస్తా కొడుక్కి జబ్బయినా చేస్తుంది. ఈ మూసలో చదివిన కథలు లెక్కపెట్టడం నేనెప్పుడో మానేశాను. వీటిలో అబద్ధం ఉందనను. తహసీలు ఆఫీసు మెట్లెక్కిన ప్రతివాడూ ఎరిగిన నిజమే అది. కానీ ఈ కథలన్నీ కలిసి పాఠకుడికి ఒక పాఠం నేర్పుతున్నాయి: అవినీతి అంటే సర్కారు ఉద్యోగి నైతిక రోగం. ఈ రోగానికి మందు ఏమిటని అడిగితే, 'అయితే ఆఫీసులన్నీ కంపెనీలకు అప్పగించండి' అనేవాడు సిద్ధంగా ఉంటాడు. మన అభ్యుదయ కథకుడు తెలియకుండానే వాడికి సాక్ష్యం చెప్పి వస్తున్నాడు.

ఏసీబీ వల పన్నేటప్పుడు నోట్లకు ఫినాఫ్తలీన్ పొడి రాస్తారు. పట్టుబడ్డవాడి వేళ్ళను సోడియం కార్బొనేట్ ద్రావణంలో ముంచితే నీళ్ళు గులాబీ రంగుకు తిరుగుతాయి. మన కథాశిల్పం కూడా ఇంచుమించు ఇదే పరీక్ష. నోటు ఉండాలి, చేయి ఉండాలి, ముట్టుకోవాలి. ముట్టుకోకుండా జరిగే లంచానికి మన దగ్గర శిల్పం లేదు. బహుళజాతి సంస్థల లంచమంతా ఆ రకమే.

లాక్‌హీడ్ వ్యవహారం చూడండి. 1976 ఫిబ్రవరిలో అమెరికన్ సెనేట్ ఉపసంఘం ముందు ఈ విమానాల కంపెనీ గుట్టు బయటపడింది. జపాన్‌లో విమానాలు అమ్ముకోవడానికి అది అక్కడి పెద్దలకు డబ్బు పంచింది. ఆ డబ్బు ముట్టినట్టు రసీదులున్నాయి. వాటిలో ఒకదానిమీద ఉన్నది యెన్ల లెక్క కాదు, వంద వేరుశనగ పలుకులు ముట్టినట్టు. ఒక పలుకంటే పది లక్షల యెన్లు. మాజీ ప్రధాని కకువెయి తనాకాను అదే ఏడాది జులైలో అరెస్టు చేశారు. యాభై కోట్ల యెన్లు తీసుకున్నాడని 1983లో నాలుగేళ్ళ శిక్ష వేశారు. అప్పీలు తేలకముందే 1993లో చనిపోయాడు. నా దృష్టి తనాకా మీద లేదు, ఆ వేరుశనగ పలుకుల మీద ఉంది. అంత డబ్బుకు అంత చిన్న మాట వెతుక్కున్నవాడి మనసులోకి వెళ్ళడం కథకుడి పని. పోలీసుకు ఆ పని చేతకాదు.

జర్మనీలో విదేశీ అధికారులకిచ్చే లంచాన్ని కంపెనీలు 1999 దాకా పన్ను లెక్కల్లో ఖర్చుగా చూపుకునేవి. దానికి వాళ్ళు పెట్టుకున్న పేరు 'ఉపయోగకరమైన ఖర్చులు'. సీమెన్స్ కంపెనీలో ప్రత్యేకంగా నగదు కౌంటర్లు ఉండేవి. ఉద్యోగులు ఖాళీ పెట్టెలతో వెళ్ళి నింపుకొచ్చేవారు. మంజూరు సంతకాన్ని కాగితం మీద కాకుండా, దానికంటించిన జిగురు చీటీ మీద చేసేవారు. అవసరమైనప్పుడు చీటీ పీకేస్తే సంతకమే లేదు. లంచం శాతాన్ని అంకెల్లో రాయకుండా 'మేక్ ప్రాఫిట్' అనే మాటలోని పది ఇంగ్లీషు అక్షరాలను వరసగా ఒకటి నుంచి సున్నా దాకా అంకెలుగా వాడుకున్నారని కూడా పత్రికల్లో వచ్చింది. లాభం చేసుకో అన్న ఆజ్ఞే లంచానికి తాళంచెవి! ఏ వ్యంగ్య రచయిత కల్పించినా అతి చేశాడనేవాళ్ళం.

2008 డిసెంబరులో సీమెన్స్ అమెరికాకూ జర్మనీకీ కలిపి మొత్తం 160 కోట్ల డాలర్లు కట్టింది. అక్కడ ఒప్పుకున్నదేమిటో గమనించాలి. మాతృసంస్థ ఒప్పుకున్న నేరం లంచం కాదు, లెక్కల పుస్తకాలు సరిగా రాయకపోవడం, లోపలి అదుపు లేకపోవడం. లంచం కుట్ర అన్న మాట బంగ్లాదేశ్, వెనిజులా శాఖల నెత్తిన పడింది. మొబైల్ ఫోన్ల ప్రాజెక్టు కోసం కనీసం 53 లక్షల డాలర్ల లంచాలు ఇచ్చినట్టు బంగ్లాదేశ్ శాఖ ఒప్పుకుంది. మ్యూనిక్‌లో అది లెక్కల పొరపాటు, ఢాకాలో అవినీతి. వలస పాలన నాటి నైతిక భూగోళం ఇంకా చెరిగిపోలేదు.

చట్టం సంగతీ కొంత చెప్పాలి. నాలుగువందలకు పైగా అమెరికన్ కంపెనీలు 30 కోట్ల డాలర్లకు మించి అనుమానాస్పదమైన చెల్లింపులు చేశామని ఒప్పుకున్నాక, 1977లో అక్కడ విదేశీ అవినీతి చర్యల చట్టం వచ్చింది. అందులో ఒక మినహాయింపు ఉంది. మామూలుగా జరగవలసిన పనిని త్వరగా జరిపించుకోవడానికి చిన్న అధికారికిచ్చే చిల్లర ఆ చట్టం కింద నేరం కాదు. మన చట్టంలో సరిగ్గా ఆ చిల్లరకే గుమాస్తా చేతులు గులాబీ రంగుకు తిరుగుతాయి! బ్రిటన్ 2010 చట్టం ఆ మినహాయింపు ఇవ్వలేదు. 2025 ఫిబ్రవరిలో అమెరికన్ అధ్యక్షుడు తమ చట్టం అమలును కొన్నాళ్ళు ఆపించాడు, తమ కంపెనీలకు పోటీలో నష్టం వస్తోందని. నీతిని మార్కెట్టు ధరలో తూచడం ఇంత బాహాటంగా ఎప్పుడో గాని జరగదు.

మనం తక్కువ తినలేదు. 1988 నాటి మన అవినీతి నిరోధక చట్టాన్ని 2018లో సవరించి, లంచం ఇచ్చే కంపెనీని కూడా నేరస్థుల వరసలో నిలబెట్టారు. మంచిదే. కానీ మన కంపెనీ పరాయి దేశపు అధికారికి లంచమిస్తే శిక్షించాలన్న బిల్లు 2011లో లోక్‌సభకు వచ్చి, చట్టం కాకుండానే మురిగిపోయింది. తెలుగువాళ్ళ కంపెనీలు కూడా విదేశాల్లో పనులు చేస్తున్న కాలమిది. ఆ దేశాల కథకుడు రాసే లంచం కథలో ఇచ్చేవాడు తెలుగువాడు కావచ్చు. ఆ కథ మనమెందుకు రాయకూడదు?

ఒక మిత్రుడు నాతో వాదించాడు: పెట్టుబడే దోపిడీ అయినప్పుడు అందులో లంచాన్ని విడిగా ఏరడం సంస్కరణవాదం కాదా అని. ఆ మాటతో నేను ఏకీభవించను. సూత్రం తెలిసినంత మాత్రాన కథ పుట్టదు. దోపిడీ తన ఒంటిమీద ఏ బట్ట కప్పుకొని వీధిలోకి వస్తుందో చూపాలి. బోఫోర్స్ ఫిరంగుల చెల్లింపులకు 'లోటస్', 'ట్యులిప్' అని పూల పేర్లున్న ఖాతాలు. ఏజెంట్లను మాన్పించినందుకు అయిన ఖర్చు అని కంపెనీ సంజాయిషీ. లంచం అభియోగాలను 2004లోనూ 2005లోనూ ఢిల్లీ హైకోర్టు కొట్టివేసింది. కోర్టుకు రుజువు కావాలి. రచయితకు ఆ పూల పేర్లు చాలు, పాత్రలను కల్పించుకోవడానికి.

మన సాహిత్యంలో దీనికి దారి లేకపోలేదు. ఆడపిల్లను అమ్మే బేరానికి 'శుల్కం' అని పెద్దమనిషి తరహా పేరుంటే, గురజాడ ఆ పేరునే తీసి 1897లో నాటకం నెత్తిన పెట్టాడు. గొగోల్ 1836 నాటి నాటకంలో ఊరి అధికారులు దొంగ ఇన్‌స్పెక్టరుకు ఇచ్చేది లంచం కాదు, 'అప్పు'. రావిశాస్త్రి సారా కథల్లో మద్యనిషేధ చట్టం చుట్టూ పోలీసులు, ప్లీడర్లు, కోర్టులు అంతా ఒక వ్యాపారంగా అల్లుకొని ఉంటారు. ఆయన ఏ ఒక్క జవాను దుర్బుద్ధి దగ్గరా ఆగిపోలేదు. ముగ్గురూ పట్టుకున్నది నోటును కాదు, దానికి పెట్టిన పేరును.

ఈ మధ్య పరిశీలనకు నాకు వచ్చిన ఒక కథలో ఒక కుర్రాడు కంపెనీ అకౌంట్స్ విభాగంలో పనిచేస్తాడు. 'కన్సల్టెన్సీ ఫీజు' అన్న పద్దు ఎవరికి పోతుందని అడుగుతాడు. పైవాడు నవ్వి, కొత్త పద్దు పేరు చెప్పి టైపు చేయమంటాడు. కుర్రాడు టైపు చేస్తాడు. రచయిత అక్కడితో ఊరుకోక, కుర్రాడికి జ్ఞానోదయం చేయించి రాజీనామా ఇప్పించాడు. ఆ చివరి రెండు పేజీలూ తీసేసి, పద్దు కొత్త పేరు దగ్గరే ఆపమని ఆయనకు రాశాను. జవాబు ఇంకా రాలేదు.