ఓడిన మ్యాచ్‌లో పది ఓవర్లు

2025 అక్టోబరులో మహిళల వన్డే ప్రపంచకప్ విశాఖ వచ్చింది. మధురవాడ స్టేడియంలో భారత జట్టు రెండు మ్యాచ్‌లాడి రెండూ ఓడింది. 9న దక్షిణాఫ్రికా 81 పరుగులకే అయిదు వికెట్లు పోగొట్టుకుని కూడా, నదీన్ డి క్లెర్క్ 84 నాటౌట్‌తో 252 లక్ష్యాన్ని అందుకుంది. 12న మనవాళ్లు 330 కొడితే, అలిసా హీలీ 142 బాది ఆస్ట్రేలియాను ఒక ఓవరు మిగిలుండగానే గట్టెక్కించింది. మహిళల వన్డేల్లో అంత లక్ష్యాన్ని అంతకుముందు ఎవరూ ఛేదించలేదు. ఆ రాత్రి జనం హీలీ గురించి మాట్లాడుకుంటూ ఇళ్లకు వెళ్లారు. స్కోరుకార్డులో మరో వరుస కూడా ఉంది: కడప జిల్లా ఎర్రమల్లె నుంచి వచ్చిన ఎడమచేతి స్పిన్నర్ శ్రీచరణి, 10 ఓవర్లు, 41 పరుగులు, 3 వికెట్లు. పరుగుల వరద పారిన మ్యాచ్‌లో ఒక బౌలర్ ఓవరుకు నాలుగు చొప్పున మాత్రమే ఇవ్వడం చిన్న సంగతి కాదు. ఓటమి ఆ పది ఓవర్లను చెడగొట్టలేదు. గెలిచి ఉంటే వాటిలో ఒక్క బంతి కూడా ఇంకాస్త బాగా తిరిగి ఉండేది కాదు.

నేను చెప్పదలచింది ఇదే. ఫలితం లెక్క వేరు, పని లెక్క వేరు. రెంటినీ ఒకే పద్దులో రాసుకున్నవాడు ఓడినప్పుడు తన మంచి పనిని మరిచిపోతాడు, గెలిచినప్పుడు తన లోపాలను కప్పేసుకుంటాడు. రెండోదే ఎక్కువ ప్రమాదం, ఎందుకంటే దాన్ని ఎవరూ ఎత్తి చూపరు. ఆ 12వ తేదీనే మధురవాడలో ఒక స్టాండుకు మిథాలీ రాజ్ పేరు పెట్టారు. ఆమె సారథ్యంలో జట్టు 2005లో, 2017లో ఫైనల్ దాకా వెళ్లి రెండుసార్లూ ఓడింది. రెండోసారి తేడా కేవలం 9 పరుగులు. కప్పు ఒక్కటే కొలమానమైతే ఆ స్టాండు మీద ఆ పేరు ఉండకూడదు. కానీ వన్డేల్లో ఆమె చేసిన 7,805 పరుగులకూ, రెండు దశాబ్దాల ఆటకూ ఆ గౌరవం దక్కింది. అది సరైన తీర్పని నా నమ్మకం.

గెలవాలన్న కసి లేనివాడు గెలుస్తాడా అని అడుగుతారు. న్యాయమైన ప్రశ్నే. కసి వద్దని నేననడం లేదు. పోటీకి దిగేవాడికి గెలుపు కావాలి, లేకపోతే దిగకూడదు. అయితే కోరిక మనిషిని మైదానం దాకా తీసుకురావాలి, బంతి చేతిలోకి వచ్చాక దాని పని అయిపోయింది. జెమీమా రోడ్రిగ్స్‌ని చూడండి. విశాఖ ఓటముల తర్వాత ఇంగ్లండ్‌తో మ్యాచ్‌కి ఆమెను జట్టులోంచి తప్పించారు. ఆ టోర్నీ పొడవునా ఆందోళనతో సతమతమయ్యానని, ఏడ్చానని ఆ తర్వాత ఆమే దాచకుండా చెప్పుకుంది. అక్టోబరు 30న నవీ ముంబై సెమీఫైనల్లో ఆస్ట్రేలియా 338 కొట్టింది. జెమీమా 127 నాటౌట్. నూరు దాటినప్పుడు బ్యాటెత్తి సంబరం చేసుకోలేదు. పని ఇంకా మిగిలి ఉందనుకున్న మనిషి అలాగే ఉంటుంది. నిబ్బరమంటే గుండె దడ లేకపోవడం కాదని అక్కడ తేలింది. దడ ఉంటూనే చూపు తర్వాతి బంతి మీద నిలిచింది. విశాఖలో నెలకొన్న ఛేదన రికార్డు 18 రోజుల్లో అలా చెరిగింది. ఆమె 82 మీద ఉన్నప్పుడు క్యాచ్ వదిలేసింది ఎవరో కాదు, విశాఖలో మన నోట మాట రాకుండా చేసిన హీలీయే. అదే చేయి, అదే నెల. నవంబరు 2న మనవాళ్లు దక్షిణాఫ్రికాను 52 పరుగుల తేడాతో ఓడించి కప్పు అందుకున్నారు. మొదటి విశాఖ ఓటమి ఆ జట్టు చేతిలోనే.

ఇంతకంటే బరువైన అభ్యంతరం విశాఖదే. ఆటలో ఓడితే వచ్చే సిరీస్ ఉంటుంది, ఉక్కు కర్మాగారం పోతే ఏముంటుంది? ఆ కర్మాగారం కోసం 1966లో జరిగిన ఉద్యమంలో 32 మంది ప్రాణాలు పోయాయి. వాళ్లు ఫలితం పట్ల తటస్థంగా ఉండి ఉంటే ఇక్కడ ప్లాంటే ఉండేది కాదు. ఒప్పుకుంటాను. అయితే శంకుస్థాపన 1971లో, జాతికి అంకితం 1992లో. ఉద్యమానికీ దానికీ నడుమ ఇరవై ఆరేళ్లు. ఆ ఫలం వెంటనే చేతికి రావాలని పట్టుబట్టినవాళ్లెవరూ అంతకాలం నిలబడలేరు. 2021 జనవరిలో ప్రైవేటీకరణ నిర్ణయం వచ్చాక కూడా గోదావరి, కృష్ణ, అన్నపూర్ణ ఫర్నేసుల దగ్గర పనిచేసేవాళ్లకు రెండు రకాల పనులున్నాయి. సొంత గనులు లేని కష్టం, 2025 జనవరిలో ప్రకటించిన 11,440 కోట్ల ప్యాకేజీ సరిపోతుందా లేదా అన్నవి ఢిల్లీలో తేలాలి. వాటి కోసం ధర్నాలో కూర్చోవాలి, కూర్చున్నారు కూడా. ఫర్నేసులోంచి కరిగిన ఇనుము తీసే ఘడియలో మాత్రం ఆ చింత పనికిరాదు. దాదాపు పదిహేను వందల డిగ్రీల వేడి ముందు మనసు ఇంకెక్కడో ఉంటే ప్రాణం మీదికొస్తుంది.

నా వాదన ఇక్కడ ఒక హద్దు దగ్గర ఆగుతుంది. నిబ్బరం ఎవరికి వారు అలవరచుకోవలసిన సాధన. పైనున్నవాళ్లు కిందివాళ్లకు బోధిస్తే అది నోరు మూయించే సాధనమవుతుంది. ఆ కర్మాగారంలో గేటు పాసు రద్దయిన కాంట్రాక్టు కార్మికుడికి గెలుపోటములు సమానమని చెప్పే అర్హత ఆ పాసు రద్దుచేసినవాళ్లకు లేదు. అతను వేతనం కోసం, పాసు కోసం పోరాడాలి, గట్టిగా పోరాడాలి. ఈ పోరాటంలో ఈసారి ఓడినా పిటిషన్ బాగా రాశామా, సాటివాళ్లను కలుపుకున్నామా అన్న లెక్క మాత్రం అతని దగ్గరే ఉంటుంది. అది యాజమాన్యం రద్దుచేయగలిగేది కాదు.