గోన గన్నారెడ్డి నవల: పాఠకుల తీర్పులు, రాయచూరి శాసనము

ఆంధ్రదేశపు టెల్లలకు వెలుపల పెరిగిన తెలుగువారిలో పలువురకు కాకతీయులతోడి పరిచయము చరిత్రగ్రంథములవలన గాక అడివి బాపిరాజుగారి (1895–1952) "గోన గన్నారెడ్డి" నవలవలన కలిగినది. ఈ గ్రంథమును గూర్చి మనవారిలో మూడు విధములైన అభిప్రాయములు వినవచ్చుచున్నవి. వానిని పరీక్షించుటకు కర్ణాటకమున నివసించు మాకొక సౌకర్యము గలదు. గన్నారెడ్డి పేరు వహించిన శాసనము రాయచూరి కోటలోనే యున్నది.

ముందుగా కథను స్మరింతము. ఆదవాని ప్రభువు కూతురు అన్నాంబిక వివాహము జరుగుచుండగా గన్నారెడ్డి వచ్చి పెండ్లికుమారుని ఎత్తుకొనిపోవును. లోకము గజదొంగ యని తలచిన ఆ వీరుడు లోలోపల రుద్రమదేవి పక్షపువాడు. అన్నాంబిక ఓరుగల్లు చేరి రుద్రమ ఆశ్రయమును పొందును. తుదకు గన్నారెడ్డి చేయి పట్టును.

"ఇదియంతయు జరిగిన చరిత్రయే" యనునది మొదటి అభిప్రాయము. 2015లో "రుద్రమదేవి" చలనచిత్రము వెలువడిన పిమ్మట ఈ నమ్మకము మరింత బలపడినది. శాసనమేమి చెప్పుచున్నది? నలువది యడుగులకు మించిన శిలపై 1294లో చెక్కబడిన ఆ వ్రాతలో, గోన గన్నయరెడ్డి సేనానియగు విఠ్ఠలనాథుడు ఆదవాని, తుంబళము, మానువ, హాలువ దుర్గములను గెలిచి, రాయచూరును చేకొని కోట కట్టించినట్లున్నది. అంతటి రాతిని బండిపై తెచ్చిన తీరు ప్రక్కనే బొమ్మలుగా చెక్కబడియున్నది. చందుపట్ల శాసనమును బట్టి రుద్రమ 1289 నాటికి మరణించినది. కావున రాయచూరి కోట ఆమె కాలమునాటిది గాదు, ప్రతాపరుద్రుని కాలమునాటిది. శాసనములో గజదొంగయు లేడు, అన్నాంబికయు లేదు. అన్నింటికంటె గమనింపదగినది ఆదవాని. శాసనములో అది గెలువబడిన దుర్గము. నవలలో కథానాయిక పుట్టినిల్లు. ఒకచోట జయమున్న తావున రెండవచోట పరిణయమున్నది. నవలను చరిత్రగా చదువువారు ఈ భేదమును గుర్తింపక తప్పదు.

"అట్లయిన ఇది కట్టుకథ, దీనిని చదువుటవలన ప్రయోజనమేమి?" యనునది రెండవ అభిప్రాయము. ఇది మొదటిదానికంటె తొందరపాటుతో కూడినది. రుద్రమను శాసనములు "రుద్రదేవ మహారాజు" అని పురుషనామముతో పేర్కొన్నమాట సత్యము. కాయస్థ అంబదేవుడు ఎదురు తిరిగినమాటయు సత్యము. స్త్రీ సింహాసన మెక్కినపుడు సామంతుల మనస్సులెట్లుండెను? ఒకడు తిరుగబడగా వేరొకడేల విధేయుడై నిలిచెను? ఇట్టి ప్రశ్నలకు శాసనములు బదులు చెప్పవు. అవి గెలుపులను, దానములను లెక్కించును. ఆ మౌనమును నింపుట నవలాకారుని పని. బాపిరాజుగారు దానిని నింపిన తీరు ఆ కాలపు స్వభావమునకు విరుద్ధముగా లేదు. పేర్లు కల్పితములైనను చిక్కు నిజమైనది.

మూడవ అభిప్రాయము రసికులది. "అందరును అందగాండ్రే, అందరును శూరులే, వర్ణనలు దీర్ఘములు" అని వారి ఆక్షేపణ. ఇందు సగము నేనంగీకరింతును. బాపిరాజుగారు చిత్రకారులు, బందరు జాతీయ కళాశాలలో ప్రమోదకుమార చటోపాధ్యాయునికడ శిక్షణ పొందినవారు. వస్త్రమును, ఆభరణమును, శిల్పమును చూచిన చోట వారి కలము ముందుకు కదలదు. కథకు అది భారమే. అయినను ఇంట తెలుగు, వీధిలో కన్నడము పలుకు మా బాలురకు ఆ పుటలు పదముల పెన్నిధి. కాని వేరొక లోపమును ఈ రసికులు పట్టించుకొనరు. నాయకపక్షమునకు వెలుగంతయు ధారపోయుటవలన ఎదిరిపక్షపు యాదవులకు నీడయే మిగిలినది. కన్నడిగుల నడుమ, మరాఠీల నడుమ బ్రదుకు మన పిల్లలు ఆ నీడను నేటి యిరుగుపొరుగువారిపై పడనీయరాదు. రాయచూరి కోటయే వారికి చాలిన పాఠము. దానిని కాకతీయుల పిమ్మట బహమనీలు, ఆదిల్‌షాహీలు పెంచిరి. 1520లో కృష్ణదేవరాయలు దానికై పోరి గెలిచెను. తెలుగు శాసనమున్న కోటలోనే పారసీక శాసనములును ఉన్నవి.

ఒకమారు విద్యార్థులను ఆ శిలయొద్దకు గొనిపోయి విషయమును వివరించితిని. అంతయు విని యొక బాలుడు, "అయ్యవారూ, అన్నాంబిక పేరెక్కడ?" అని యడిగెను. "లేదు నాయనా, అది కల్పన" యని క్లుప్తముగా చెప్పి ముందుకు సాగితిని. ఆ మరునాడు వాడు సగము చదివిన నవలను తెచ్చి బల్లపై పెట్టి వెడలిపోయెను. తప్పు వానిది గాదు, పుస్తకముది గాదు, నాది. కల్పన యనగా అబద్ధము గాదని ముందే చెప్పవలసినవాడను.

నాటినుండి నవలను తరగతిలో చదివించు ముందే శాసనము చెప్పిన దేదియో, చెప్పని దేదియో నల్లబల్లపై రెండు వరుసలుగా వ్రాయుచున్నాను. ఇందువలన నవల రుచి తగ్గలేదు సరిగదా, రెండవ వరుసలోనివానిని రచయిత ఎట్లు కల్పించెనో చూడవలెనని పిల్లలే తొందరపడుచున్నారు. ఇంటిలో ఈ పుస్తకమున్న తల్లిదండ్రులును ఇట్లే చేయుదురుగాక యని నా మనవి.