‘అడ్జాయిన్’ – ఆనుకొనుట

ఆంగ్ల దస్తావేజులను తెనిఁగించువారిలోఁ గొందఱు ‘అడ్జాయిన్’ అను క్రియకు ‘సమీపమున నుండు’ అని వ్రాయుచున్నారు. ఇది మాకు సమ్మతము కాదు. సమీపమున నున్నదెల్ల తాఁకియుండదు; స్థలములయెడ నీ క్రియకుఁ దాఁకియుండుటయే ముఖ్యార్థము.

ఈ మాట లాటినునుండి ప్రాఁత ఫ్రెంచి ద్వారా ఇంగ్లీషున కెక్కినది. ‘అద్’ అనఁగా వైపునకు, ‘యుంగెరె’ అనఁగా జోడించుట. మన ‘యుజ్’ ధాతువును, కాడికిఁ బేరైన ‘యుగము’ను, ఇంగ్లీషువారి ‘యోక్’ను దీనికి జ్ఞాతులే. ఒక్క కాడి క్రింద మెడలు వంచిన యెడ్లు ‘సమీపమున నున్న’వని యే రైతు చెప్పును? దీని తోడికోడలు ‘అబట్’ మఱియొక దారిని వచ్చినది; ఫ్రెంచివారి ‘బూ’, అనఁగా కొస, దానికి మూలము. కొసకుఁ గొస తాఁకుట యన్నమాట.

మన ‘ఆనుకొను’ను గొనుఁడు. గోడకు వీఁపానించి కూర్చుండినట్లు, తాఁకుటయే కాక భారము మోపుటయు నందుఁ గలదు. లాటిను మాటలో నీ ఛాయ లేదు. ఐనను ఇంతకంటెఁ దగిన మాట మాకుఁ గానరాదు.

గోదావరి డెల్టాలో నీ భేదము పండితుల వినోదము గాదు. 1852లో ధవళేశ్వరము ఆనకట్ట పూర్తియైన పిదప కాలువలును బోదెలును చేలనడుమ వ్యాపించినవి. రెండు చేలనడుమ గట్టొక్కటే యున్న నవి యానుకొన్నవే. సర్కారు కాలువ యడ్డముగాఁ బాఱుచున్నచో నవి పొరుగు చేలే. హద్దు మాత్రము కాలువ. ఇచ్చట ‘సమీపము’ అని వ్రాసి చేతులు దులుపుకొన్నచో, గట్టుమీది కొబ్బరిచెట్టెవరిదో కోర్టు తేల్పవలసివచ్చును.