ఛాయను చదువు విద్య

ఎక్స్‌రే తీయించినంతనే రోగము బయటపడునని నమ్మువారు మనలో పెక్కురు. ఫిల్ములు చదువుటయే వృత్తిగాగల నాకు మాత్రము, అందు కానవచ్చు ఛాయకును, ఆ ఛాయకు మేము పెట్టు పేరునకును నడుమ ఎంత ఆలోచన అవసరమో దినదినమును స్ఫురించుచుండును. 1895 నవంబరు 8న జర్మనీలోని వ్యూర్జ్‌బర్గు నగరమున రాంట్‌జన్ పండితుడు కనుగొన్న ఆ కిరణములు గాలిని సులభముగా దాటును, ఎముకయందు చాలవరకు ఆగిపోవును. ఆ తారతమ్యమే నలుపు తెలుపులై ఫిల్ముపై నిలుచును.

ఊపిరితిత్తి పైకొసన కానవచ్చు తెల్లని మచ్చ క్షయ కావచ్చును, న్యుమోనియా కావచ్చును, కంతి కావచ్చును, ఏనాడో మానిన వ్యాధి విడిచిన చారికయైనను కావచ్చును. జ్వర మెన్నాళ్ళనుండి కలదో, దగ్గులో నెత్తురు పడినదో లేదో, కళ్ళె పరీక్షలో క్షయ క్రిములు కనబడినవో లేదో తెలియనిదే దానికి పేరు పెట్టుట సాహసము. 1940ల నాటి అమెరికా పరిశోధనలలో, ఆరితేరిన నిపుణులు సైతము ఒకే ఫిల్మును గూర్చి పరస్పరము విభేదించుటయే గాక, కొంతకాలమునకు దానినే మరల చూచి తమ తొలి తీర్పును మార్చుకొనుటయు వెల్లడియైనది.

కావుననే నేను మొట్టమొదట పాత ఫిల్ము నడుగుదును. రెండేండ్లనాటి చిత్రమునను ఆ మచ్చ అదే పరిమాణమున నున్నచో భయము చాలవరకు తగ్గును. మూడు నెలలలో పెరిగినచో త్వరపడవలయును. చికిత్సను నడపుటయందును ఇదియే న్యాయము. మదనపల్లె చెంత ఆరోగ్యవరమున 1915లో క్షయ శానిటోరియము వెలసిన నాటికి ఆ క్రిమిని చంపు మందు లేదు. స్ట్రెప్టోమైసిన్ 1943లో గాని దొరకలేదు. అట్టి శానిటోరియముల యుగమున, ఱొమ్ములోనికి గాలి నెక్కించి, రోగగ్రస్తమైన ఊపిరితిత్తిని ముడిచి విశ్రాంతి నిచ్చు వైద్యునకు, అది ఎంతవరకు ముడిగినదో, అందలి గుంట పూడినదో లేదో తెలుపునది ఎక్స్‌రేయే.

1971లో లండనున హౌన్స్‌ఫీల్డ్ నిర్మించిన సి.టి. యంత్రము తొలి రోగి మెదడును పొరలుపొరలుగా చూపుటతో, ఛాయలు ఒకదానిపై నొకటి పడు చిక్కు తీరినది. అయినను, ఱొమ్ము సి.టి.లో దేహమునకు తగులు కిరణముల మోతాదు మామూలు ఎక్స్‌రేకు సాధారణముగా పదుల రెట్లుండును, అల్ట్రాసౌండునకును, ఎం.ఆర్.ఐ.కిని ఆ కిరణములతో పనియే లేదు. ఖరీదైన పరీక్షయే గొప్పదనుట భ్రమ. వైద్యుని సందేహమునకు తగినదే గొప్పది.

పాఠకులకు నా మనవి యొక్కటే: పాత ఫిల్ములను, రిపోర్టులను పారవేయక దాచుకొని, క్రొత్త పరీక్షకు పోవునపుడెల్ల వెంట గొనిపొండు, ఈ పరీక్షవలన చికిత్సలో ఏమి మారునని వైద్యుని సంకోచింపక అడుగుడు.